ధర్మసాగర్ అడుగున కుక్కర్

సుభాషిణి ఆ రోజు తొమ్మిదో తరగతి పిల్లలకు చెప్పింది అబద్ధం కాదు. కానీ పూర్తి నిజమూ కాదు. ఆ సంగతి ఆమెకు మధ్యాహ్నం దాకా తెలియలేదు.

హనుమకొండ శివారులో ఒక రాతిగుట్టను ఆనుకుని ఉన్న ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో ఆమె ఫిజిక్స్ టీచరు. కొత్తగా ల్యాబ్‌కు గైగర్ కౌంటర్ కిట్ ఒకటి వచ్చింది. వేలెడంత గొట్టం, ఒక సర్క్యూటు బోర్డు, చిన్న తెర. కంటికి కనపడని కిరణమేదైనా ఆ గొట్టంలోంచి దూసుకుపోతే 'టిక్' మని చప్పుడై, తెర మీద అంకె ఒకటి పెరుగుతుంది. బడి వదిలాక కూర్చుని పిల్లలే దాన్ని సోల్డరింగ్ చేశారు. ఇద్దరు ముగ్గురు వేళ్ళు కాల్చుకున్నారు. చివరికి బ్యాటరీ పెట్టగానే అది టిక్కుమంది. కాసేపాగి మళ్ళీ టిక్కుమంది. పిల్లలంతా బల్ల చుట్టూ మూగారు.

"వినుండ్రి. ఆకాశంల ఎక్కడో చానా దూరంకెళ్ళి బయల్దేరిన కణాలు వచ్చి మన గాలిని గుద్దుకుంటయి. అండ్లకెళ్ళి పుట్టిన తునకలు ఇప్పుడు ఈ స్లాబును దాటి, మన తలకాయలను దాటి, కిందికి పోతాన్నయి. వీటినే కాస్మిక్ కిరణాలంటరు. ఆ చప్పుడు వాటిదే," అంది సుభాషిణి.

పిల్లలు తల మీద చేతులు పెట్టుకుని పైకి చూశారు. నిమిషానికి సుమారు ఇరవై రెండు టిక్కులు వస్తున్నాయని లెక్కగట్టారు.

మధ్యాహ్నం అన్నం తిన్నాక యమున అనే అమ్మాయి ఆ పరికరాన్ని అడిగి తీసుకుని గుట్ట మీదికి వెళ్ళింది. అక్కడ రెండు పెద్ద బండల మధ్య గుహలాంటి సందు ఒకటుంది. ఎండాకాలం పిల్లలు నీడకు అందులో దూరతారు. యమున అందులో కూర్చుని చాలాసేపు లెక్కపెట్టి, పరుగెత్తుకుంటూ స్టాఫ్‌రూమ్ దగ్గరికి వచ్చింది. ముఖం చిట్లించుకుని ఉంది.

"మేడం, ఇవి మీదికెళ్ళి వస్తయన్నరు గదా?"

"అవును."

"అయితే బండ కిందికి పోతే తగ్గాలె గదా? తగ్గలే. నిమిషానికి ముప్పై అయిదు వచ్చినయి."

మిషన్ చెడిపోయిందేమో అనబోయింది సుభాషిణి. ఆ మాట నోటి దాకా వచ్చింది కూడా. కానీ యమున అలా తేల్చి పంపేస్తే ఊరుకునే పిల్ల కాదు. ఆమె వెనకే గుట్ట ఎక్కింది. చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని బండ సందులో కూర్చుంది. పరికరం మోకాలి మీద పెట్టుకుని వింది. నిజమే. తరగతి గదిలో కన్నా వడివడిగా కొట్టుకుంటోంది.

ఇంటికి పోయాక పుస్తకాలు తిరగేసింది. విషయం కొత్తదేమీ కాదు. కాలేజీలో ఎప్పుడో చదివి, పరీక్ష రాసి, మరిచిపోయింది. నల్లరేగడిలో కన్నా, ఇసుకలో కన్నా, గ్రానైటు బండలో యురేనియం, థోరియం, పొటాషియం పరమాణువులు కాస్త ఎక్కువ. మనిషికి హాని చేసేటంత కాదు. కానీ వాటి నుంచి వచ్చే కిరణాలకు కూడా ఈ గొట్టం టిక్కుమంటుంది. అంటే తరగతి గదిలో వినిపించిన చప్పుడులో ఆకాశానిది ఎంతో, నేలది ఎంతో ఆమెకు తెలియదు.

మర్నాడు తరగతిలో ఉన్నదున్నట్టు చెప్పింది. "నిన్న నేను చెప్పింది సగమే. కింద నేలకెళ్ళి, గోడలకెళ్ళి గూడ వస్తయి. నాకు గుర్తుకు రాలే."

యమున లేచి నిలబడింది. "అయితే మీదికెళ్ళి వచ్చేటియి ఉన్నయని ఎట్ల నమ్మాలె మేడం? అన్నీ కిందియే కావొచ్చు."

"పెద్ద శాస్త్రవేత్తలు బెలూన్ల మీద పోయి చూసిన్రు. మీదికి పోయినకొద్ది పెరిగినయట."

"మనం చూడలే గదా."

పిల్లలు నవ్వారు. సుభాషిణి నవ్వలేదు. ఇరవై ఏళ్ళుగా పాఠం చెబుతోంది. నాకెలా తెలుసు అని తనను తాను ఎన్నడూ అడగలేదు. ఇప్పుడు ఆ పిల్ల అడుగుతుంటే చెప్పడానికి పుస్తకం తప్ప ఇంకేమీ లేదు.

"భూమి లేని కాడికి పోవాలె," అన్నాడు వెనక బెంచీ నుంచి అభిషేక్. ఈసారి ఇంకా గట్టిగా నవ్వారు.

యమున మాత్రం వాడి వైపు తిరిగి చూసింది. "నీళ్ళ నడుమకు పోతే భూమి దూరమైతది గదా? మా పోశయ్య మామ ధర్మసాగర్ల చేపలు పడ్తడు. ఆయనకు పడవ ఉన్నది."

సుభాషిణి చేతిలో సుద్దముక్క అలాగే ఉండిపోయింది. ఆ పిల్ల చెప్పింది నిజంగానే జరిగే పని. మంచినీళ్ళలో గ్రానైటులో ఉన్నట్టు ఆ పరమాణువులు ఉండవు. పైగా లోతైన నీళ్ళు అడుగు నేల నుంచి వచ్చే కిరణాలను మింగేస్తాయి. టిక్కులన్నీ నేలవే అయితే రిజర్వాయరు నడుమ దాదాపు ఆగిపోవాలి. ఆగకపోతే మిగిలినవి పైనుంచి వస్తున్నట్టు. అవి పైనుంచే వస్తుంటే, పరికరాన్ని నీళ్ళలోకి దించినకొద్దీ ఇంకా తగ్గాలి.

బోర్డు మీద ఒక గీత గీసి అది నీళ్ళ మట్టం అంది. పైన పడవ, కింద పరికరం. "దించుడు ఎట్ల మరి? నీళ్ళు తగిలితే సర్క్యూటు ఖరాబైతది."

ప్లాస్టిక్ డబ్బా అన్నారు ఒకరు, పాల క్యాను అన్నారు ఇంకొకరు. ప్రెషర్ కుక్కర్ అన్నది యమునే. కుక్కర్లు రెండు రకాలు. ఒకదానికి మూత లోపలి నుంచి బిగుస్తుంది, ఇంకోదానికి పైనుంచి. ఏది మేలో తేల్చడానికి ఒక పీరియడ్ పట్టింది. నీళ్ళు బయటి నుంచి నొక్కుతాయి కాబట్టి పైనుంచి బిగిసేదే కావాలి. లోపలి మూతదైతే నీళ్ళ ఒత్తిడికి మూత లోపలికి జారి, కుక్కర్ నిండిపోతుంది.

సుభాషిణి ఇంట్లో చుట్టాలొచ్చినప్పుడు బిర్యానీ వండే పెద్ద కుక్కర్ అలాంటిదే. ఆమె అత్త లక్ష్మీనర్సమ్మ దాన్ని ఎవరినీ ముట్టనివ్వదు.

"కుక్కర్‌ను నీళ్ళల్ల ముంచుతరా? ఎందుకట?" అని అడిగింది ఆమె.

"ఆకాశంకెళ్ళి ఏమొస్తుందో చూడనీకి."

"ఆకాశంకెళ్ళి వచ్చేదాన్ని చూడాలంటే మీదికి చూడాలె గని, నీళ్ళ అడుగుకు పోతరా?" అంది లక్ష్మీనర్సమ్మ. అయినా కుక్కర్ ఇచ్చింది. కొత్త రబ్బరు కూడా వెతికి ఇచ్చింది.

విజిల్ తీసేసి, ఆ రంధ్రంలో సైకిల్ ట్యూబు ముక్క కుక్కి, పైన నీళ్ళు చొరకుండా సీలు ముద్ద పామారు. బడి సంపులో దించి చూశారు. అది మునగలేదు. ఖాళీ బిందెలా తేలుతూ గుండ్రంగా తిరిగింది. పిల్లలు పొట్ట పట్టుకుని నవ్వారు. తాడుతో కింద రాళ్ళు కడితే జారి సంపు అడుగున పడిపోయాయి. చివరికి అభిషేక్ గుట్ట కింద నుంచి పిడికెడేసి రాళ్ళు ఏరుకొచ్చాడు. పరికరాన్ని నడుమ పెట్టి, అటూ ఇటూ కదలకుండా చుట్టూ రాళ్ళు పేర్చారు. ఈసారి కుక్కర్ బుడుంగుమని మునిగింది. తీసి చూస్తే లోపల చుక్క నీరు లేదు.

హెడ్మాస్టర్ రాజేశ్వర్ రావు అంతా విని కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "సుభాషిణి గారు, అది ఊరికి తాగే నీళ్ళిచ్చే రిజర్వాయర్. ఇంజినీరుతో నేను మాట్లాడుత. కుక్కర్ మంచిగ తోముకొని పోవాలె. ఇంగొక మాట. పిల్లలు ఒక్కరు గూడ పడవ ఎక్కొద్దు. కట్ట మీదనే ఉండాలె."

అంటే పడవలో ఎవరు పోవాలో వేరే చెప్పక్కర్లేదు. సుభాషిణి పుట్టి పెరిగింది పరకాలలో. ఈత రాదు. పడవ ఎక్కడం మాట అటుంచి, మోకాలి లోతు నీళ్ళలోకి దిగిన గుర్తు కూడా లేదు. ఆ సంగతి ఆయనతో అనలేదు.

శనివారం పొద్దున అందరూ ధర్మసాగర్ కట్ట మీద చేరారు. ముందు ఖాళీ కుక్కర్‌లో పరికరాన్ని పెట్టి కట్ట మీదే అరగంట ఉంచారు. నిమిషానికి ఇరవై అయిదు. కట్టంతా రాతి పేర్పు కాబట్టి అది సహజమే అనుకున్నారు. ఆ తరువాత కుక్కర్ నిండా రాళ్ళు పేర్చి, అంకెను సున్నాకు తెచ్చి, మూత బిగించారు.

పోశయ్య పడవను ఒడ్డుకు ఆనించి పట్టుకున్నాడు. నలభై ఏళ్ళ మనిషి. మేనకోడలు ఏది చెప్పినా చేసేటట్టున్నాడు.

"మేడం, నడుమల కూసోండ్రి. లేవకుండ్రి, అటూ ఇటూ వంగకుండ్రి. ఫికర్ చెయ్యకుండ్రి, ఈ పడవ బోర్ల పడదు."

ఆమె లైఫ్ జాకెట్ తొడుక్కుని, కుక్కర్‌ను ఒళ్ళో పెట్టుకుని, రెండు చేతులతో దాన్నే పట్టుకుంది. పడవ కదలగానే కళ్ళు మూసుకుంది. తెరిచేసరికి కట్ట దూరంగా ఉంది. పిల్లలు రంగు చుక్కల్లా కనిపిస్తున్నారు. నాలుగు బారల లోతు ఉన్న చోట పోశయ్య పడవ ఆపి, తాడు కట్టిన కుక్కర్‌ను మెల్లగా వదిలాడు. కాసిని బుడగలు లేచాయి. తరువాత తాడు ఒక్కటే మిగిలింది.

అరగంట కూర్చున్నారు. ఆమె దేన్నీ చూడకుండా ఆ తాడునే చూస్తూ కూర్చుంది.

కుక్కర్ పైకి తీసి, తుడిచి, మూత విప్పి తెర చూసింది. భాగించి చూసింది. మళ్ళీ భాగించింది. నిమిషానికి ఇరవై ఆరు.

కట్ట మీద ఉన్న యమునకు ఫోన్‌లో చెప్పింది. "తగ్గలేదా మేడం?"

"తగ్గలే. ఒకటి పెరిగింది."

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో పిల్లలు ఆ అంకెలను మళ్ళీ భాగించి చూసుకున్నారు. అభిషేక్, "నీళ్ళల్ల గూడ ఏమన్న ఉన్నదేమో," అన్నాడు. తాగే నీళ్ళ గురించి అలా అనేసరికి ఇద్దరు పిల్లలు భయపడ్డారు. సుభాషిణి వాళ్ళను సముదాయించింది. కానీ ఆమె మనసు కూడా కుదురుగా లేదు. బండ కింద పెరగడానికి కారణం దొరికింది. నీళ్ళ కింద పెరగడానికి ఏ పుస్తకంలోనూ కారణం లేదు.

సోమవారం హెడ్మాస్టర్ మెత్తగానే అన్నాడు. "పోనీండ్రి. సిలబస్ మిగిలున్నది. ప్రయోగాలు ఒక్కోసారి గట్లనే అయితయి."

ఆమె సరేనంది. కుక్కర్‌ను ఇంటికి తీసుకుపోవాలని ల్యాబ్‌కు వెళ్ళేసరికి యమున అక్కడే ఉంది. ఇంకా రాళ్ళు తీయని కుక్కర్ బల్ల మీద ఉంది. లోపల పరికరం టిక్కుమంటోంది.

"ఏం చేస్తానవ్ యమునా?"

"కుక్కర్లకు నీళ్ళు రాలేదు గదా మేడం. అంటే పరికరానికి నీళ్ళు తగల్లే. మరి దాని పక్కన ఏమున్నదని చూస్తాన."

ఆ పిల్ల ఒక్కో రాయినీ తీసి గది అవతలి మూలన పెట్టింది. ఇద్దరూ వింటూ నిలబడ్డారు. మొదట తేడా తెలియలేదు. సగం రాళ్ళు పోయాక టిక్కుల మధ్య ఎడం పెరిగినట్టనిపించింది. అన్నీ తీసేశాక లెక్కపెట్టారు. నిమిషానికి పదహారు టిక్కులు తగ్గాయి. రాళ్ళను మళ్ళీ చుట్టూ పేర్చి లెక్కపెట్టారు. మళ్ళీ పెరిగాయి.

సుభాషిణి బల్ల మీద కూలబడి నవ్వడం మొదలుపెట్టింది. ఆపుకుందామన్నా ఆగలేదు.

"గుట్టకెళ్ళి దూరం పోదామనుకొని, గుట్టను కుక్కర్ల పెట్టుకొని పోయినం!"

యమున నవ్వలేదు. ఆమె కళ్ళు మెరుస్తున్నాయి. "అంటే మనం కట్ట మీద రాళ్ళు లేకుండ చూసినం, నీళ్ళల్ల రాళ్ళు పెట్టి చూసినం. రెండు వేరువేరు పనులు చేసి ఒక్కటే అనుకున్నం."

"అవును."

"అయితే నీళ్ళల్ల నిజంగ తగ్గే ఉంటయి మేడం. రాళ్ళయి అడ్డమొచ్చినయి."

"తగ్గే ఉంటయని మనం అనుకుంటున్నం. చూడలే గదా," అంది సుభాషిణి. ఈసారి యమున కూడా నవ్వింది.

రాళ్ళకు బదులు ఏం పెట్టాలన్నది అభిషేక్ తేల్చాడు. వాళ్ళ తాత కిరాణా దుకాణంలోకి కరెంటు కాంటా వచ్చినప్పటి నుంచి పాత ఇనుప తూకాలు మూలన పడి ఉన్నాయట. సంచిలో మోసుకొచ్చాడు. ఇనుము పక్కన పెట్టినా టిక్కులు పెరగలేదని ముందు గదిలోనే చూసుకున్నారు. కట్ట మీద కూడా ఆ తూకాలు లోపల ఉండగానే లెక్కించాలని యమున పట్టుబట్టింది.

హెడ్మాస్టర్ రెండోసారి ఒప్పుకోవడానికి కొంచెం ఆలోచించాడు. తప్పు ఎక్కడ జరిగిందో యమున చెబుతుంటే మధ్యలో రెండు ప్రశ్నలు వేశాడు. చివరికి తనూ కట్ట మీదికి వస్తానన్నాడు.

తరువాతి శనివారం, ఈసారి పడవలో మొదట కుక్కర్‌ను ముంచలేదు. రిజర్వాయర్ నడుమ మూత తీసి పడవలోనే ఉంచి లెక్కపెట్టారు. తెర కనిపిస్తూనే ఉంది. ఒక టిక్కు. కాసేపు ఏమీ లేదు. ఇంకొకటి. గది, గుట్ట, కట్ట, వాటి సందడి అంతా ఒడ్డున ఆగిపోయింది. నిమిషానికి పదమూడు. ఆ పొద్దున తూకాలతోనే కట్ట మీద వచ్చినదాంట్లో సగం. కానీ ఆగిపోలేదు. నేల అందని చోట కూడా అవి వస్తూనే ఉన్నాయి.

"ఇప్పుడు వచ్చేటియి మీదికెళ్ళేనా మేడం?" అడిగాడు పోశయ్య.

"దాదాపు అన్నీ మీదియే. మిషన్‌ది గూడ జర కొంచెం ఉంటది."

"నా లోపలికెళ్ళి గూడ పోతాన్నయా?"

"మీ లోపలికెళ్ళి, నా లోపలికెళ్ళి. పుట్టిన కాడికెళ్ళి పోతనే ఉన్నయి. ఏం కాదు."

పోశయ్య అరచేయి చాచి ఎండలో పెట్టి చూసుకున్నాడు. "చేపలకు గూడ తగుల్తయా?"

"అదే చూద్దాం. దించుండ్రి."

కుక్కర్ నీళ్ళలోకి పోయింది. ఆకాశం నుంచి వస్తున్నది ఏదో నీళ్ళను చీల్చుకుంటూ ఆ తాడు వెంట కిందికి దిగుతున్నట్టు ఊహించింది సుభాషిణి. కొన్ని దారిలోనే ఆగిపోతుంటాయి. కొన్ని కుక్కర్ దాకా చేరతాయి. కొన్ని దాన్ని కూడా దాటి బురదలోకి పోతాయి. వేళ్ళు నీళ్ళకు తగిలేలా పడవ అంచు మీద చేయి వేసి ఉందని ఆమె గమనించుకోలేదు.

తీసి చూస్తే నిమిషానికి ఎనిమిది.

ఫోన్ చేసింది. "యమునా, ఎనిమిది. తగ్గినయి!"

అవతల కేకలు వినిపించాయి. అభిషేక్ ఏదో అరుస్తున్నాడు. హెడ్మాస్టర్ గొంతు కూడా వినిపించింది. యమున గొంతు మాత్రం మామూలుగానే ఉంది. "మేడం, దించేటప్పుడు, తీసేటప్పుడు ఎంతసేపు పట్టింది? అది కలిపిన్రా?"

"కొద్దిసేపే."

"ఇంగొకసారి దించుండ్రి మేడం. ఒక్కసారికే ఎనిమిది అంటే ఎట్ల? ఊకెనే గట్ల వచ్చిందేమో."

పోశయ్య ఆమె ముఖం చూశాడు. "ఏమంటాంది?"

"మళ్ళ దించుమంటాంది."

"దాని మాట వినకపోతే మనల్ని ఒడ్డుకు రానియ్యదు," అని ఆయన తాడు సవరించుకున్నాడు.

రెండోసారి తొమ్మిదికి కొంచెం తక్కువ వచ్చింది. మూడోసారి ఎనిమిదికి దగ్గరగా. నాలుగోసారి దించుదామంటే పరికరం బ్యాటరీ అయిపోయింది. ఒడ్డుకు వచ్చేసరికి ఎండ నెత్తికెక్కింది. సుభాషిణి పడవ దిగి నేల మీద అడుగు పెట్టింది. యమున ఎదురొచ్చి కుక్కర్ అందుకుంది. మూడు అంకెలూ అడిగి, చెప్పించుకుని, ఒకదాని కింద ఒకటి చేతి మీద పెన్నుతో రాసుకుంది.

"ఇప్పుడు నమ్ముతానవా?" అడిగింది సుభాషిణి.

"మీదికెళ్ళి వస్తాన్నయని నమ్ముతాన మేడం." పెన్ను మూత పెడుతూ అంది, "మీది అంటే ఎక్కడ? సూర్యునికెళ్ళా?"

"ఎట్ల చూస్తవో చెప్పు."

యమున కట్ట మీద నడుస్తూ ఆలోచించింది. బస్సు దగ్గరికి వచ్చేసరికి జవాబు దొరికింది. "సూర్యుడు లేనప్పుడు చూడాలె."

పరికరాన్ని ఆ సాయంత్రం ఇంటికి తీసుకుపోవడానికి హెడ్మాస్టరే సంతకం పెట్టాడు. కొత్త బ్యాటరీలు అభిషేక్ కొనిచ్చాడు. యమున దాన్ని వాళ్ళింటి డాబా మీద ఒకేచోట కదపకుండా పెట్టి, పొద్దుగూకక ముందు ఒకసారి, చీకటి పడ్డాక ఒకసారి, తెల్లారగట్ల ఒకసారి అంకె చూసుకుంది.

మర్నాడు ఆదివారం. పొద్దున్నే సుభాషిణి ఫోన్ మోగింది.

"మేడం, రాత్రి గూడ గంతే వచ్చినయి. తగ్గలే."

"ఒక్కసారే చూసినవా?"

"మూడుసార్లు చూసిన. అంటే ఎక్కువమటుకు సూర్యునియి కావు గదా?"

"కావు. చానా మటుకు ఇంకా దూరంకెళ్ళి వస్తయి."

"ఎక్కడికెళ్ళి మేడం?"

సుభాషిణికి తెలిసినంత చెప్పింది. పేలిపోయిన నక్షత్రాల గురించి, గెలాక్సీల గురించి చెప్పింది. అన్నిటికన్నా బలమైనవి ఎక్కడ పుడుతున్నాయో ఇంకా ఎవరూ గట్టిగా చెప్పలేకపోతున్నారని, ఎడారుల్లోనూ మంచుగడ్డల కిందా పరికరాలు పెట్టుకుని వెతుకుతున్నారని కూడా చెప్పింది.

అవతల యమున ఏదో రాసుకుంటున్న చప్పుడు వినిపించింది.

"అయితే మీకు గూడ తెల్వదా మేడం?" అంది యమున చివరికి. ఆ గొంతులో నిరాశ లేదు.

"తెల్వదు."

"మంచిగున్నది," అంది యమున. తరువాత, ఇంట్లో వాళ్ళు టిఫిన్‌కు పిలుస్తున్నారని ఫోన్ పెట్టేసింది.